రేగడి భూములలో నీటిగొట్టములు పాతి కందకము పూడ్చు విధము

(ఒంగోలు ప్రాంతపు రైతుల కుద్దేశింపబడిన యుపన్యాసము)



నేలలో గొట్టము పాతుట యనగా కందకము త్రవ్వుట, గొట్టము పఱచుట, అతుకులు వేయుట యని మాత్రమే పలువురు తలంచుచున్నారు. ఈ మూడు పనులు జరుగునప్పుడు యజమాని గట్టుమీద నిలిచి స్వయముగా చూచుకొనును. గొట్టముల బేరమునకు ఒక దినమంతయు వెచ్చించును. కాని మన్ను పూడ్చు వేళకు ప్రొద్దు వాలును. కూలివారు ఇండ్లకు పోవు తొందరలో నుందురు. యంత్రమునకు గంటల లెక్కను బాడుగ పెరుగుచుండును. అప్పుడు పెళ్లలతో సహా మన్నంతయు ఒక్కమాఱుగా లోపలికి త్రోసి, పైన ట్రాక్టరు చక్రమును నాలుగు సారులు నడిపించి, పని ముగిసిన దందురు. గొట్టము చెడుటకు బీజము ఆ సాయంకాలమే పడును. ఫలము మాత్రము ఆఱు మాసములకో సంవత్సరమునకో, మిరప కాపుమీద నున్నప్పుడు, కనబడును.

అది కనబడు తీరును గూర్చి కొంచెము ఆలోచింపుడు. ఒక రైతు వైశాఖ మాసమున బావి కడనుండి చేని చివర వఱకు నాలుగు వందల గజముల గొట్టము పాతించి, పైని చెప్పిన రీతిగా పూడ్పించె ననుకొందము. శ్రావణ భాద్రపదములలో ఆ చేనిలోనే మిరపనాఱు నాటెను. ఆశ్వయుజ కార్తికములలో ఈ తీరమునకు ఈశాన్యపు వానలు, కొన్ని యేండ్ల తుపానులును వచ్చును. గట్టి వాన యొకటి పడినతోడనే కందకము పొడవునను నేల యడుగు లోతు క్రుంగి, చేని నడుమ సన్నని కాలువవలె నిలిచెను. చుట్టుపట్ల నీరంతయు అందులో చేరెను. మిరప నీటిముంపునకు ఓర్వజాలని పైరు. ఆ గీత వెంబడి రెండు సాళ్ల మొక్కలు వాడి, పసుపు వన్నె తిరిగి, చచ్చెను. రైతు అది తెగులని తలంచి మందు కొట్టించెను. పుష్యమాసమున మోటారు వేయగా చివరి మడికి నీరు చాలినంత రాలేదు. గొట్టము క్రుంగినచోట అతుకు విడిపోయెను. కాని కారిన నీరు అచ్చట పైకి రాక, గుల్లగా నున్న కందకము వెంటనే ప్రాకి, ప్రక్కవాని పొలమున తేలెను. ఇప్పుడు నష్టము రెండు సాళ్ల మిరపతో ముగియదు. కాపుమీద నున్న చేనిని మరల త్రవ్వవలెను. పొరుగువానికి సమాధానము చెప్పవలెను.

ఇట్టి నష్టములు గొట్టపు నాణ్యతవలన కలిగినవని అంగడివానితో తగవు పడువారు కలరు. నాసిరకపు గొట్టములు ఉండకపోవు. అయినను చాలచోట్ల దోషము గొట్టములో గాక, దాని చుట్టునున్న మన్నులో నుండును.

ఈ ప్రాంతమున గొట్టములు పాతు అవసర మేల కలిగినదో తెలియనిది కాదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10 వ తేదీని శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4 వ తేదీని కాలువలకు నీరు విడువబడెను. కుడికాలువ గుంటూరు సీమను దాటి, ఒంగోలు శాఖకాలువ ద్వారా ఇచ్చటి భూములకు చేరుచున్నది. కాని కాలువ చివరి భూములకు నీరు వంతుల మీదను, ఆలస్యముగను అందుట ఈ వైపు రైతు లెల్లరకు అనుభవమే. అట్లు వచ్చిన నీటిని గాని, బావి నీటిని గాని రేగడి నేలపై మట్టికాలువలో పాఱించినచో మొదట నెఱ్ఱెలు త్రాగి మిగిలినదే పైరునకు దక్కును. 2003 లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకము ఆరంభమైన పిదప బిందుసేద్యమునకై చేనిచేనికి గొట్టములు నేలలో దిగినవి. కావున గొట్టము పాతవలెనా యను ప్రశ్న లేదు. పాతిన గొట్టము ఇరువది యేండ్లు నిలుచునా, రెండేండ్లకే త్రవ్వి తీయబడునా యనునదే ప్రశ్న.

రేగడి స్వభావము రైతునకు తెలిసినంత ఇంజనీరునకైనను తెలియదు. అయినను దాని కారణమును ఒకింత చెప్పవలసి యున్నది. ఈ మన్నులోని బంకయందు మాంట్‌మొరిల్లొనైటు అను ఖనిజము హెచ్చుగా నుండును. అది మిక్కిలి పలుచని రేకులు దొంతరగా పేర్చినట్లుండి, రేకులమధ్యకు నీరు చేరగా ఉబ్బును. నీరు పోగా కుదించుకొనును. వేసవిలో మూడడుగుల లోతు దిగు నెఱ్ఱెలు ఇచ్చట అరుదు కావు. వానకాలమున అవి పూడిపోయి నేల పైకి లేచును. అనగా రేగడి నేల ఏటేట ఒక పర్యాయము ఊపిరి తీసి విడుచుచుండును. ఆ ఊపిరిలో గోడలు చీలుటయు, గచ్చులు లేచుటయు మన మెఱుగుదుము. గొట్టము కూడ ఆ నేలలోనే యున్నది గదా.

ఎఱ్ఱగరప నేలలలో, పొదిలి కనిగిరి వైపున, కందకము నెట్లు పూడ్చినను రెండు వానలకు మన్ను తనంతట సర్దుకొని కుదురుపడును. ఆ ప్రాంతమునుండి వచ్చిన పనివాడు అదే పద్ధతిని ఒంగోలు రేగడిలో అవలంబించును. అతని తప్పేమియు లేదు. అతడు నేర్చిన నేల వేఱు.

గొట్టముపై మన్ను ఎట్లు భారము వేయునను విషయమును మొట్టమొదట శాస్త్రరీత్యా పరిశోధించినది రైతుల పొలములను బట్టియే. అమెరికాలోని ఐయోవా సంస్థానము గొప్ప నల్లమన్ను మైదానము. అచ్చట చేలలో నిలుచు నీటిని తీయుటకు రైతులు కాల్చిన మట్టి గొట్టములను, సిమెంటు గొట్టములను నేలలో పాతెడివారు. అవి పలుచోట్ల పగులుచుండగా, ఆ సంస్థానపు కళాశాలలోని ఆన్సన్ మార్‌స్టన్ అను నాచార్యుడు కారణమును పరిశోధించి 1913 లో ఫలితములను ప్రకటించెను. కందకములో పోసిన మన్ను క్రిందికి దిగుచున్నప్పుడు దాని భారములో కొంత ప్రక్కగోడలు ఆపుకొనును. మిగిలినది గొట్టము నెత్తి మీద పడును. కందకము వెడల్పైన కొలది గోడల సాయము తగ్గి గొట్టముపై భారము పెరుగును అని యతడు చూపెను. నాటినుండి నేటివఱకు ప్రపంచమందంతటను పాతెడి గొట్టముల లెక్కలకు అతని సిద్ధాంతమే ఆధారము.

అయితే మన గొట్టము మట్టిది కాదు, ప్లాస్టిక్కుది; వంగును గాని పగులదని రైతు లనవచ్చును. ఆ వంగుటను గూర్చియు అదే కళాశాలలో స్పాంగ్లరు అను మఱియొక యాచార్యుడు 1941 లో వివరించెను. వంగెడి గొట్టముపై భారము పడగానే అది మీదినుండి అణగి ప్రక్కలకు ఉబ్బబోవును. ఆ ప్రక్కల మన్ను గట్టిగా నుండినచో ఉబ్బనీయక తిరిగి త్రోయును. ఆ త్రోపుడే గొట్టమునకు బలము. ప్రక్కల మన్ను గుల్లగా నుండినచో త్రోయువాడు లేక గొట్టము కోడిగ్రుడ్డు ఆకారమునకు తిరుగును, అతుకులు సడలును. చక్రాల బండికి ఇరుసు వంటిది గొట్టమైనచో, చీల వంటిది దాని ప్రక్కల మన్ను. చీల లేని ఇరుసు ఎంత మంచి యినుముదైన నేమి?

మూడడుగుల లోతును అడుగున్నర వెడల్పును గల కందకములో ఒక్కొక్క అడుగు నిడివికి పడు మన్ను బరువు ఇంచుమించు 200 కిలోలు. దానిపై పంట బండి గాని ట్రాక్టరు గాని నడచినప్పుడు పడునది వేఱు. ఈ భారమును ఒంటరిగా మోయుటకు పలుచని గొట్టము చేయబడలేదు.

ఇక మన్నును గట్టిపఱచు పనికి వత్తము. ఈ విషయమున శాస్త్రము చెప్పునది రైతునకు పూర్వమే తెలిసిన మాట. ఆ మాట పదును. విత్తుటకు పదును చూడని రైతు లేడు. ఎండిన రేగడిలో అరక దిగదు. దిగినను పెళ్లలు లేచును. తడి మించినచో కాళ్లకు అంటి నేల చెడును. ఆ రెంటి నడుమ రెండు మూడు దినములు మాత్రము నేల చెప్పినట్లు వినును. లాస్ ఏంజిలిసు నగరపు జలశాఖలో పని చేసిన ప్రాక్టరు అను ఇంజనీరు మట్టికట్టలు కట్టుచు, 1933 లో ఈ విషయమునే కొలతలతో స్థాపించెను. ఒకే మన్నును, ఒకే దిమ్మిసతో, అన్నే దెబ్బలు కొట్టినను అది ఎండుగా నున్నప్పుడు గట్టిపడదు. నీరు మించినప్పుడును గట్టిపడదు. నడుమ నొక తేమయందు మాత్రమే అన్నిటికంటె హెచ్చుగా బిగియును. నేటికిని రోడ్లకు, జలాశయపు కట్టలకు మన్నును పరీక్షించువారు ఇతని పేరిటి పరీక్షనే చేయుచున్నారు. విత్తుటకు పదును చూచు రైతు కందకము పూడ్చునప్పుడు మాత్రము పదును మఱచుట వింతగా నున్నది.

పూడ్పునకు తగిన పదునును చేతితోనే తెలిసికొనవచ్చును. కందకము ప్రక్కనున్న మన్నును పెళ్లలు చిదిపి గుప్పెడు తీసి గట్టిగా పిడికిట పిసుకవలెను. పిడికిలి విప్పగా ముద్ద విడిపోయినచో ఎండు. అరచేతికి అంటి జిగురు వదలనిచో తడి యెక్కువ. ముద్దగా నిలిచి, చేతికంటక, నడుమెత్తునుండి గట్టినేలపై వదలినప్పుడు నాలుగైదు ముక్కలుగా పగిలినచో పదును కుదిరినది. మఱియొక పరీక్ష: అదే మన్నును అరచేతుల నడుమ తాల్చి దారమువలె చేయవలెను. దారము సన్నబడి 3 మిల్లీమీటర్ల లావునకు వచ్చునప్పటికి పగుళ్లు చూపినచో చాలును. రేగడి విషయమున ఒక సంగతి విశేషముగా గమనింపవలెను. పదును కచ్చితముగా దొరకనప్పుడు ఎండువైపు కంటె ఒకింత తడివైపు పూడ్చుట మేలు. ఎండురేగడిని బలవంతమున దిమ్మిసతో బిగించినచో అది నాటికి రాయివలె నుండి, మొదటి వానకు నీరు త్రాగి మిక్కిలిగా ఉబ్బి, అతుకులను పైకి నెట్టును.

పని చేయు కాలమును గూర్చి. నడివేసవిలో కందకము త్రవ్విన గోడలు నిలుచును, పైరు అడ్డముండదు. కాని లేచిన మన్నంతయు పెళ్లలే. అప్పుడు చేయక తప్పనిచో పెళ్లలను పాఱతో చిదిపి, నీరు చల్లి, గోనెలు కప్పి ఒక రాత్రి నానబెట్టి మఱునాడు పూడ్చవలెను. కార్తికమున పని పెట్టుకొనరాదు, కందకము చెఱువగును. తొలకరి వాన యొకటి రెండు పడి ఆఱిన పిదప, నాట్లకు ముందు, దొరకు పది పదునైదు దినములు ఈ నేలలో ఉత్తమ కాలము. ఆ దినములు దుక్కికిని కావలసినవే యని రైతు లందురు. నిజమే. గొట్టము పొడవు ఎక్కువైనచో ఆ యేడు సగము, మఱు యేడు సగము పాతుట యన్నియు ఒక్కసారి చెడగొట్టుకొనుటకంటె లాభము.

కందకపు వెడల్పు గొట్టపు లావునకు ఇరువైపుల ఆఱేసి అంగుళములు మించి యుండనక్కఱలేదు. 110 మిల్లీమీటర్ల గొట్టమునకు పదునాఱంగుళములు చాలును. త్రవ్వు యంత్రమునకు సన్నని బకెట్టు దొరకునప్పుడు అదియే తగిలింపు మని కోరవలెను. వెడల్పైన కందకమున మన్నును హెచ్చు, కూలియు హెచ్చు, గొట్టముపై భారమును హెచ్చు. లోతు విషయమున గొట్టపు వీపుమీద రెండున్నర అడుగుల మన్ను ఉండవలెను. బండిదారుల క్రింద మూడడుగులకు తగ్గరాదు. ఇంతకంటె పైగా నున్నచో లోతుదుక్కి నాగలికి అందుటయే గాక, నెఱ్ఱెలు ఎక్కువగా కదలు పొరలోనే గొట్టము చిక్కును.

అడుగు చదునుగా నుండవలెను. రాయి, ఎండుపెళ్ల, వేరుమోడు ఏదియు గొట్టమునకు తగులరాదు. ఒక గొట్టపు మూతి లావుగా నుండి రెండవదానిని లోనికి తీసికొనుచోట, ఆ లావు పట్టునంత చిన్న గుంటను అడుగున తీయవలెను. లేనిచో గొట్టమంతయు తన మూతులమీదనే నిలిచి నడుమ గాలిలో వ్రేలును. ఈ చిన్న గుంటలు తీయని పనివారే హెచ్చు.

అడుగున నాలుగంగుళములు, గొట్టమునకు చుట్టును, వీపుపై అఱడుగును ఇసుక పోయుట మంచిది. గుండ్లకమ్మ ఇసుక యైనను, మఱి యే వాగు ఇసుకయైనను పనికి వచ్చును. సముద్రతీరపు ఇసుక గొట్టమును పాడుచేయదు గాని అందలి యుప్పు చేనికి చేటు. ఇనుప బిగింపులను తినును. చీమకుర్తి నల్లరాతి గనుల ప్రాంతమున రాతిపొడి దొరకును గదా, దానిని వాడరాదా యని కొందఱడుగవచ్చును. జల్లించిన మెత్తని పొడి యైనచో వాడవచ్చును. వాడి మొనలు గల ముక్కలు కలసినదానిని మాత్రము గొట్టపు దరికి రానీయరాదు. రాతిమొన యొక్కటి గొట్టమునకు తగిలి యున్నచో, మోటారు వేసి ఆపునప్పుడెల్ల గొట్టము కొంచెము కదలుచు అచ్చటనే అఱిగి చిల్లి పడును.

ఇసుకవలన నొక చిక్కు కలదు. దీనిని చెప్పక విడుచుట న్యాయము కాదు. రేగడి గోడల నడుమ ఇసుక పోసిన కందకము తొట్టివలె నగును. పైనుండి దిగిన వాననీరు ఇసుకలో చేరి, వాలు వెంబడి నడచి, పల్లపు చివర నిలిచి అచ్చటి రేగడిని ఉబ్బించును. ఇసుకనే కోసికొనిపోవుటయు కలదు. దీనికి విరుగుడు ఏబది మొదలు నూఱడుగుల కొకచోట ఇసుకను ఆపి, రెండడుగుల నిడివిని గొట్టము చుట్టును పదును రేగడిని మెత్తగా చేసి, దిమ్మిస కొట్టి అడ్డకట్ట వేయుట. వాలు హెచ్చైన చేలలో ఈ కట్టలు దగ్గఱగా నుండవలెను. పొలము గట్టు దాటుచోట తప్పక నుండవలెను. ఇసుక దొరకనిచో, లేక ఖరీదు భరింపరానిదైనచో, జల్లెడ పట్టినంత మెత్తగా చిదిపిన పదును రేగడినే గొట్టము చుట్టును వాడవచ్చును. చెడ్డ పెళ్లలకంటె మంచి రేగడి నూఱు రెట్లు మేలు. ఊరికి ఎఱ్ఱగరప మన్ను చేరువయైనచో అది రెంటికంటెను అనుకూలము. ఉబ్బదు, నీటిని అంతగా పాఱనీయదు. రేగడిపై కట్టు కాలువ గచ్చుల క్రింద ఉబ్బని మన్ను పొరగా వేయవలెనని బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్యుడు కట్టి చేసిన పరిశోధనలకును మూలము ఇట్టి అనుభవమే.

ఎండకాలపు మధ్యాహ్నమున అతుకులు వేసి వెంటనే పూడ్చుట గొప్ప తప్పు. ప్లాస్టిక్కు గొట్టము వేడికి సాగును, చల్లబడగా ముడుచుకొనును. 20 డిగ్రీల తేడాకు 100 మీటర్ల గొట్టము సుమారు 14 సెంటీమీటర్లు, అనగా అయిదాఱంగుళములు, ముడుచుకొనును. ఒంగోలు ఎండలో గట్టుమీద పడియున్న గొట్టపు వేడిమి చేయి పెట్టి చూచినవారికి తెలియును. ఆ వేడిమిలో బిగించి పూడ్చినచో నేల చల్లదనమునకు అది ముడుచుకొని అతుకులను లాగును. కావున గొట్టమును కందకములో ఒకింత పాముతీరున వంపులుగా పఱచి, రాత్రి చల్లబడనిచ్చి, తెల్లవాఱిన తోడనే మొదటి పొర మన్ను కప్పవలెను.

పూర్తిగా పూడ్చుటకు ముందు నీటి పరీక్ష తప్పదు. అతుకులను విడిచి నడుమ నడుమ మాత్రము మన్ను వేసి, సొల్యూషను ఎండుటకు ఒక దినము గడువిచ్చి, గాలిని వెడలనిచ్చుచు మెల్లగా నీరు నింపి, మోటారు ఒత్తిడిమీద ఒక పూట ఉంచి ప్రతి అతుకును తడిమి చూడవలెను. వంపుల విషయమున మఱింత జాగ్రత్త కావలెను. 110 మిల్లీమీటర్ల గొట్టములో చదరపు సెంటీమీటరునకు 4 కిలోల ఒత్తిడి యున్నప్పుడు మూలమలుపు వద్ద గొట్టమును వెలుపలికి త్రోయు బలము 500 కిలోలకు మించును. ఇద్దఱు ముగ్గురు మనుష్యులు నిలిచి త్రోసినను ఇంత బలము రాదు. వంపు వెనుక కదలని నేలకు ఆనించి సిమెంటు దిమ్మె కట్టవలెను. పూడ్చిన గుల్లమన్ను దానిని ఆపజాలదు.

ఇప్పుడు దిమ్మిస పని. మొదట గొట్టపు పొట్ట క్రింద, ఇరువైపుల, చేతికఱ్ఱతో మన్నును గాని ఇసుకను గాని కూరి కూరి బిగింపవలెను. స్పాంగ్లరు చెప్పిన త్రోపుడు ఇచ్చటనే పుట్టును. ఒక ప్రక్క నింపి రెండవ ప్రక్క విడిచినచో గొట్టము జరుగును గాన ఇరువైపుల సమముగా పైకి రావలెను. తరువాత అఱడుగు మందము వదులు మన్ను వేసి, అది నాలుగంగుళములకు దిగువఱకు దిమ్మిస కొట్టి, మరల అఱడుగు వేయవలెను. గొట్టపు వీపునకు నేరుగా పైన అడుగు మన్ను చేరువఱకు దెబ్బ వేయరాదు, ప్రక్కలనే కొట్టవలెను. వీపున దెబ్బ కొట్టినచో ప్రక్కలు బిగియకమునుపే గొట్టము అణగును. బాడుగకు దొరకు యంత్రములలో పలకవంటి అడుగు గలిగి వణకునది ఇసుకకు మంచిది. రేగడికి ఎగిరి కొట్టు దిమ్మిస యంత్రమే పనికివచ్చును. చేతి దిమ్మిసతో ఇద్దఱు కూలివారు శ్రద్ధగా చేసిన పని యంత్రమునకు తీసిపోదు.

పని సరిగా జరిగినదా యని గట్టుమీద నుండియే చూచుటకు ఒక గుర్తు కలదు. త్రవ్విన మన్ను నేలలో నున్నప్పటికంటె వదులై పెరిగి కనబడును. చక్కగా బిగించి పూడ్చినచో, ఇసుకయు గొట్టమును ఆక్రమించినంత మేరకే మన్ను మిగులవలెను. పెద్ద కుప్ప మిగిలిన దనగా ఆ కుప్పయంతయు పట్టు ఖాళీ కందకములోనే దాగి యున్నదన్న మాట. దానిని బండ్ల కెత్తి గట్లకు పోయించువారు తమ కందకమునకు రావలసిన మన్నునే అమ్ముకొనుచున్నారు.

దిమ్మిస మాని కందకమునకు నీరు పెట్టి మన్నును కుదుర్చుట ఈ ప్రాంతమున వాడుకలో నున్నది. కూలి మిగులునని దీని నెక్కువమంది మెచ్చుకొందురు. ఇసుకకు ఈ పద్ధతి చెల్లును. నీరు క్రిందికి దిగుచు రేణువులను సర్దును. రేగడికి చెల్లదు. పెళ్లల పైపొర మాత్రము కరగి బురదయై సందులను కప్పును. లోపలి పెళ్లలు ఎండుగనే యుండును. నాలుగు దినముల తరువాత పైన గట్టిగా నున్నట్లు తోచును. వేసవి వచ్చునప్పటికి ఆ బురద యెండి మిగిలిన నేలకంటె హెచ్చుగా చీలును. మఱియు ఖాళీ గొట్టము నీటిలో తేలును. 110 మిల్లీమీటర్ల గొట్టమును నీరు మీటరునకు ఇంచుమించు 8 కిలోల బలముతో పైకెత్తును. సాయంత్రము పఱచిన గొట్టము తెల్లవాఱునప్పటికి బురదలో వంకరగా లేచి కనబడుట ఇందువలననే. హఠాత్తుగా వాన వచ్చునట్లున్నచో గొట్టమును నీటితో నింపి రెండు చివరలను మూయుట సులభమైన రక్షణ.

గొట్టము పరుల భూమిగుండ పోవుచోట పూడ్పు పని రెట్టింపు శ్రద్ధతో చేయింపవలెను. పొరుగువాడు మాటమీద దారి యిచ్చును. రెండు వానలకు అతని చేనిలో కందకము క్రుంగి, అరక ఎద్దు కాలు దిగబడినప్పుడు ఆ మాట మాఱును. దారి ఇచ్చిన సర్వే నంబరు, గట్టునుండి గొట్టమునకు గల దూరము, లోతు, ఎన్ని సంవత్సరముల వఱకు క్రుంగిన మన్నును గొట్టము యజమాని నింపవలెను అనునవి కాగితముమీద వ్రాసి ఇరువురు సంతకములు చేయుట స్నేహమునకు భంగము కాదు. పొలపు కొలత పుస్తకములోని పటమునకు నకలు తీసికొని, సర్వేరాళ్లనుండి గజముల లెక్కతో గొట్టపు దారిని, వంపులను, వాల్వులను అందు గుర్తింపవలెను. పూడ్చకమునుపే ఈ కొలతలు తీయవలెను. పూడ్చిన పిదప తండ్రికి తెలిసిన దారి కుమారునకు తెలియదు. కౌలుదారునకు అసలే తెలియదు. ఇంజను గదిలో గోడకు ఆ పటము నొకటి అంటించి యుంచినచో, కొత్తగా బోరు వేయువాడైనను, స్తంభము పాతువాడైనను దానిపైని గునపము వేయడు.

పూడ్పు ముగిసినచోట నేలకు సమముగా విడువక నాలుగైదంగుళములు గుమ్మటముగా లేపి యుంచవలెను. దిమ్మిస ఎంత బాగుగా కొట్టినను రేగడి మొదటి వానకాలమున కొంత దిగును. ఆ గుమ్మటముపై మొదటి యేడు మిరప సాలు రాకుండ చూచుకొనుట మంచిది. జొన్న గాని పశుగ్రాసము గాని వేయవచ్చును. కార్తికపు వానలు వెలిసిన పిదప యజమాని స్వయముగా గొట్టపు దారి వెంట నడచి, క్రుంగినచోట మేకులు నాటి, పదును తగ్గకముందే అదే చేని మన్నుతో నింపించి కొట్టింపవలెను. వేసవిలో రెండవసారి నడచినప్పుడు కందకపు అంచుల వెంబడి పొడవుగా రెండు నెఱ్ఱెలు సమానముగా కనబడినచో, పూడ్చిన మన్ను గోడలతో ఇంకను కలియలేదని తెలిసికొనవలెను. ఆ నెఱ్ఱెలలో మెత్తని పొడిమన్ను కూర్చి తొలకరికి ముందు మూయవలెను. తెఱచి యున్నచో తొలివాన నీరంతయు వానిగుండ నేరుగా గొట్టము వద్దకు దిగును. మఱుసటి యేడును ఇట్లే చూడవలెను. రెండు కార్తికములు గడచినను దారి క్రుంగక, నెఱ్ఱెలు అంచులను విడిచి చేనంతటను కలసిపోయినచో, ఆ గీతమీద నిశ్చింతగా మిరప నాటవచ్చును.